ఫినాయిల్ గది

రేణిగుంటలో ఇమానం దిగినాక
మళ్లా ఎగిరేదానికి ఇరవై ఐదు నిమిషాలు.
నాకి గడియారంతో పన్లే.
జనం దిగి, పెట్టెలు దిగి
నూనె బండి వచ్చి రెక్క కింద నిలబడితే
పది అయిపోయినట్టు.

ఆ పొద్దు ఆయమ్మ
భుజాల మింద మూడు బంగారు గీతల్తో
ఆడోళ్ల బాత్రూములో గోడకి ఆనుకోని ఉండాది.
తెల్ల చొక్కాకి ఎడం పక్క
రూపాయి బిళ్లంత తడి.
మాపు ఆపేస్తి.
ఏమైందని అడగలే. ముగ్గుర్ని కన్నదాన్ని.

"ఎన్ని నెలలు తల్లీ?"
"ఏడు. వాళ్ల నాన్న దగ్గరున్నాడు, శంషాబాద్‌లో.
ఇంకో రెండుసార్లు ఎక్కి దిగితేగానీ ఇంటికి పోలేను."

ఆరు నెలలు సెలవిచ్చినారంట.
ఏడో నెల పుట్టంగానే పాలు ఆగిపోతాయని
ఎవురు చెప్పినారో ఆ ఆఫీసోళ్లకి.
ముందరి గదిలో ఇద్దురే అంట,
ఒకరు లేస్తే ఇంగొకరు కన్ను మరల్చకూడదంట.
మబ్బుల్లో ఉండంగా రొమ్ము సలపరిస్తే
చెయ్యి కదిలిచ్చేదానికి లేదు,
ఊపిరి బిగబట్టి దించాల, అందర్నీ, భద్రంగా.

నా కాడ ఒక గది ఉండాది.
నాలుగడుగులు. చీపుర్లు, బకీట్లు, ఫినాయిలు క్యాన్లు.
క్యాన్లు బయట పెడితి,
కాలిరిగిన కుర్చీకి తాడు కడితి,
కరెంటు ప్లగ్గు ఒకటి ఉండాది, దేవుని దయ.
లోపల ఆయమ్మ మిషను పిల్లి మాదిరి గురగురమంటాది.
బయట నేను పసుపు బోర్డు నిలబెడతా:
నేల తడిగా ఉంది, జాగ్రత్త.
సూట్లేసుకున్నోళ్లు గూడా దానికి భయపడి
చుట్టు తిరిగి పోతారు.

నా రెండో బిడ్డప్పుడు తోతాపురి కాలం.
దామలచెరువు కాడ గుజ్జు ఫ్యాక్టరీ.
మేస్త్రీ ఇంటికి పోనియ్యలే.
రొమ్ము రాయైపోతే షెడ్డెనకాల
మామిడి చెట్టు మొదుట్లో పిండేస్తి.
ఉత్త నేల మింద పోస్తే చీమలు పడతాయి,
చీమలు పడితే పాలెండిపోతాయంటారు కదా.
ఆ చెట్టు కాయ తీపో పులుపో
నేను తిని చూడలే.
బిడ్డ గంజి తాగి పెరిగింది.

ఆయమ్మ కంపెనీకి కాగితం రాసింది,
రోజుకి రెండు ఎక్కుదిగుళ్లు తగ్గించండి,
కూర్చునేదానికి ఒక గది చూపించండి అని.
ఇప్పుడు యాడ పాలు తీస్తా ఉండారని అడిగితే
ఉన్నదున్నట్టు రాసింది పిచ్చిది,
ఫినాయిల్ గదిలో అని.

అంతే. నలుగురొచ్చి ఫొటోలు తీసుకున్నారు.
ఇమానం నడిపే మనిషి చీపుర్ల గదిలోనా,
రూలు ఒప్పుకోదు అన్నారు.
గదికి తాళం పడింది.
నెలన్నరకి ఇంగో తలుపుకి
తల్లీబిడ్డా బొమ్మ అతికించినారు, ఏసీ గూడా పెట్టినారు,
శానా బాగుండాది, అబద్ధమెందుకు.
తాళంచెవి మేనేజరు సొరుగులో.
ఆయప్ప వచ్చేది పదికి.
ఆయమ్మ ఇమానం ఏడూ పదికి.

పాలకైతే సంతకం కావాలంట.
తుడిచేదానికైతే ఊరికే ఇస్తారు తాళం.
ఇంగేముంది,
ఎవురూ తొక్కని ఆ గదిని దినామూ తుడస్తా ఉండా.
పసుపుతాడుకి నాలుగు పిన్నీసులు ఉన్నాయి కదా,
అయిదోది తాళంచెవికి.

నిన్న పోతా పోతా ఆయమ్మ
చల్లపెట్టె బుజానికి తగిలించుకోని
"మీ పేరేంటమ్మా?" అనింది.
మొగిలమ్మ అంటి.
ఫోనులో రాసుకునింది.
ఎందుకో ఏమో.
మళ్లా ఏ కాగితంలో ఉన్నదున్నట్టు రాస్తాదో అని
రేత్రి రొంత సేపు నిద్ర రాలే.

రాస్తే రాయనీ.
తెల్లారి బోర్డు తీసుకోని పోవాల.
నేల తడిగా ఉండాది.